జాజ్ డ్రమ్మర్‌కి టెక్నిక్ ముఖ్యమా, సంగీతమా?

ఇప్పటి జాజ్ డ్రమ్మర్లలో టెక్నిక్ పెరిగి సంగీతం తగ్గిందా, నేర్చుకునేవాడు దేని వెంట పడాలి అని అడిగారు. నేనూ చాలాకాలం ఈ రెండూ వేరనే అనుకున్నానండి.

షికాగోలో ఉద్యోగం, సాయంత్రాలు డ్రమ్స్. మొదటి నాలుగేళ్లు నాది వేగం పిచ్చి. ప్రాక్టీస్ ప్యాడ్ మీద పారడిడిల్స్ (కుడి ఎడమ చేతులు మార్చి కొట్టే దెబ్బల వరస), వేగం చూపే మెట్రోనోమ్ అంకె ఎంత పెరిగితే అంత సంబరం. ఓ రాత్రి, అప్పటికప్పుడు కలిసి వాయించుకునే జామ్ సెషన్‌లో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) పెద్దాయన సోలో వాయిస్తున్నాడు. ఆయన వదిలిన ప్రతి ఖాళీలోనూ నేను స్నేర్ డ్రమ్ మీద ఓ ఫిల్ (ఖాళీ నింపే చిన్న దరువు) కుక్కుతున్నాను. కాసేపటికి ఆయన తీగల మీద చెయ్యి ఆనించి, ఆపేసి నావైపు చూశాడు. నాకు సోలో ఇచ్చాడనుకుని ఇంకా రెచ్చిపోయాను! బ్రేక్‌లో దగ్గరికొచ్చి, "నేనేం వాయించానో ఒక్క ముక్క పాడు" అన్నాడు. నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చి రైడ్ సింబల్ (లయ నడిపే పెద్ద తాళం) మీద మామూలు స్వింగ్, అంటే జాజ్‌లో ఊగే నడక, నిమిషానికి 60 బీట్లు, పక్కగదిలో పడుకున్న పాప లేవనంత మెల్లగా వాయించి చూశాను. రెండు నిమిషాలు నిలవలేదు. గట్టిగా కొడితే కర్ర తనే ఎగిరొస్తుంది. మెల్లగా అయితే ఆ ఎగురు ఉండదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరమంతా వేళ్లే మోయాలి. కాలితో కొట్టే కిక్ డ్రమ్ మీద ఫెదరింగ్, అంటే ఈకలా తాకించడం, ఇంకా కష్టం. బార్‌కి (నాలుగు లెక్కల ఆవర్తానికి) నాలుగు దెబ్బలూ పడాలి, విడిగా ఒక్కటీ వినపడకూడదు, బేస్ కింద బరువులా తెలియాలంతే. ఇదీ టెక్నికే కదా? నాకు లేనిది అదే.

1967లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం రికార్డు చేసిన 'నెఫర్టీటీ' అనే ట్యూన్ వినండి. ట్రంపెట్, సాక్సోఫోన్ దాదాపు ఎనిమిది నిమిషాలూ అదే వరస తిప్పి తిప్పి వాయిస్తుంటే, కింద టోనీ విలియమ్స్ డ్రమ్స్ అంతకంతకూ ఉడుకుతుంటాయి. అంత హోరులోనూ వరస ఎక్కడా మునగదు. అప్పటికతనికి 21 ఏళ్లు. దీనికి పూర్తిగా అవతలి కొస మైల్స్‌దే 1959 నాటి 'సో వాట్'. మైల్స్ సోలో మొదలయ్యేచోట డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేసి, దాన్నలా మోగనిచ్చాడు. ఆ దెబ్బ ఎవరైనా కొట్టగలరు. ఎక్కడ కొట్టాలో చూసుకోవడమే.

మీరు చూసే నిమిషం వీడియోల్లో చాలావాటిలో డ్రమ్మర్ ఒక్కడే ఉంటాడు. పక్కన వినడానికి ఎవరూ లేనప్పుడు చేతులే కనిపిస్తాయి, అతని తప్పేముంది? డ్రమ్మర్ బ్రయన్ బ్లేడ్, సాక్సోఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్ క్వార్టెట్‌తో (నలుగురి బృందంతో) వాయించిన పాత వీడియోలు చూడండి, మనం మాట్లాడేది అప్పుడు తేలుతుంది.

రోజూ ఒక రికార్డు పెట్టుకుని, రైడ్ ఒక్కటే, అందులో బేస్ స్పష్టంగా వినపడేంత మెల్లగా వాయించండి. వినపడకపోతే ఆపి, మళ్లీ మొదలెట్టండి. ఫిల్స్ తర్వాత.

ఆ పెద్దాయనతో ఇప్పటికీ నెలకోసారి వాయిస్తాను. ఆయన సోలోకి నా హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) రెండో, నాలుగో లెక్క మీద తప్ప కదలదు. కిందటి నెల మాత్రం ఓ ఫిల్ చెయ్యి జారింది. తల ఎత్తకుండానే నవ్వాడు.