బద్ధకంగా ఉన్నవాడు సోమరి అవుతాడా?

ప్రశ్న: మాది చెన్నైలోని పెరంబూరు. మా అబ్బాయి షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారమంతా బాగా పొద్దుపోయాకే ఇల్లు చేరతాడు, ఆదివారం పదింటిదాకా లేవడు. వాళ్ళ నాన్నగారు ‘సోమరిపోతు’ అని కేకలేస్తే, ‘నాకు బద్ధకంగా ఉందన్నాను గానీ నేను సోమరినని అనలేదు’ అంటాడు. ఈ మాటల మధ్య నిజంగా తేడా ఉందా? సోమరి అనే మాట సోమవారం నుంచి వచ్చిందని అతని స్నేహితులు చెబుతున్నారు. అది సరైనదేనా? తమిళంలో సెలవంటే ఖర్చు కదా, మనకు వేరే అర్థం ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి చెప్పినది తప్పించుకోవడానికి అన్న మాట కాదు. తెలుగు వాక్యనిర్మాణం అతని పక్షానే ఉంది.

‘నాకు బద్ధకంగా ఉంది’ అంటాం. ‘నాకు సోమరిగా ఉంది’ అని ఎవరూ అనరు. ‘నేను సోమరిని’, ‘వాడు సోమరి’ అనే అంటారు. ఆకలిగా ఉంది, చలిగా ఉంది, నీరసంగా ఉంది అన్నప్పుడు మనిషికి ‘కు’ చేరుతుంది. ఆ స్థితి అతనికి కలిగింది, కాసేపు ఉంటుంది, పోతుంది. బద్ధకం ఆ వరుసలోది. సోమరి అన్నది మనిషి స్వభావానికి పెట్టిన పేరు. ఆకలిగా ఉన్నవాణ్ణి తిండిపోతు అనడం ఎంత అన్యాయమో, బద్ధకంగా ఉన్నవాణ్ణి సోమరిపోతు అనడమూ అంతే. తిండిపోతు, పిరికిపోతు, తాగుబోతు లాంటి మాటల్లో ‘పోతు’ చేరితే అది విడవని గుణమని అర్థం. ఒక్క ఆదివారపు నిద్రకు అంత పెద్ద మాట తగదు.

బద్ధ అంటే కట్టిన, బిగిసిన అని అర్థం. చట్టబద్ధం, నిబద్ధత మాటల్లో ఉన్నది ఇదే. మలబద్ధకంలోనూ ఇదే బద్ధకం ఉంది, అక్కడ సోమరితనాన్ని ఎవరూ ఊహించరు కదా! ఒళ్ళు కట్టేసినట్టు కదలకపోవడం బద్ధకం. అయితే నిఘంటువులు బద్ధకాన్నీ సోమరితనాన్నీ పర్యాయపదాలుగానే ఇస్తాయి. బద్ధకస్తుడు అని మనిషికి ముద్రవేసే రూపమూ ఉంది. ‘ఉత్తరం రాయడానికి బద్ధకించాను’ అంటే తప్పు నాదే. కాబట్టి బద్ధకం ఎప్పుడూ నిర్దోషి అని నేను అనను. ‘నాకు... ఉంది’ అనే వాక్యంలో మాత్రం అది ఒంటి సంగతే చెబుతుంది.

సోమరికీ సోమవారానికీ సంబంధం లేదు. తమిళంలో సోంబేరి, కన్నడంలో సోమారి దీని తోబుట్టువులు. తమిళంలో సోమవారాన్ని తింగట్కిళమై అంటారు. వారం పేరులో సోముడే లేని భాషలోనూ ఈ మాట ఉందంటే, దాని పుట్టుక అక్కడ వెదకనక్కరలేదు.

ఇక ఆలస్యం. సంస్కృతంలో ఈ మాటకు సోమరితనం అని అర్థం. ఇప్పటి తెలుగు వాడుకలో జాగు అని మాత్రమే. ‘బస్సు ఆలస్యంగా వచ్చింది’ అంటే బస్సును ఎవరూ తిట్టినట్టు కాదు. ఆ మాటలోని నిందను మన భాష తీసేసింది. ఆలస్యంగా లేచినవాడిలో సోమరితనం చూసే మనం ఆ నిందను మళ్ళీ తెచ్చిపెడుతున్నాం.

మీవారికి ముఖ్యంగా చెప్పవలసింది విశ్రాంతి గురించి. శ్రమ, పరిశ్రమ, విశ్రాంతి ఒకే ధాతువు నుంచి వచ్చాయి. శ్రాంతుడంటే అలసినవాడు, అలసట తొలగినవాడు విశ్రాంతుడు. శ్రమ లేకపోతే విశ్రాంతి అన్న మాటకే చోటు లేదు. సేదతీరడం కూడా ఇలాంటిదే. సేద అంటే అలసట. ఆ మాట ఒంటరిగా ఇప్పుడు దాదాపు వినిపించదు గానీ, ‘తీరు’ను పట్టుకుని బతికే ఉంది. ఈ ‘తీరు’ను కాస్త గమనించండి. అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, ప్రయాణపు బడలిక తీరుతుంది. చెల్లించవలసినది ఏదో మిగిలి ఉంటేనే ‘తీరింది’ అంటాం. సోమరితనం తీరిందని అనం, వదిలిందంటాం. అలసట ఒంటికి మనం పడ్డ బాకీ అని తెలుగు క్రియే చెబుతోంది.

ఆ ‘తీరు’ నుంచే తీరిక వచ్చింది. ఇప్పుడు ‘నాకు తీరిక లేదు’ అనడం గొప్పగా మారింది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, దానిపై దేశమంతా చర్చ నడిచింది. 1948 నాటి కర్మాగారాల చట్టం వయోజన కార్మికుడికి వారానికి 48 గంటలనే హద్దుగా పెట్టింది. 5 గంటలకు మించి ఏకధాటిగా పనిచేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. ఆ అరగంటను చట్టం దయగా ఇవ్వలేదు, హక్కుగా ఇచ్చింది.

మన నుడికారం కూర్చోవడాన్ని కూడా వదల్లేదు. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అన్న సామెతలో కూర్చోవడమంటే పని మానడం. కానీ మీ ఊళ్ళో త్యాగరాయనగరు రంగనాథన్ వీధిలోకి వెళ్ళి చూడండి, బట్టల కొట్లలో చీరలు పరిచి చూపే అమ్మాయిలు పొద్దుటి నుంచి నిలబడే ఉంటారు. దుకాణాల సిబ్బంది కూర్చునేందుకు ఆసనాలు ఏర్పాటు చేయాలని తమిళనాడు 2021లో చట్టాన్ని సవరించింది. వాళ్ళకు కూర్చోవడం పనిలో భాగమే. సామెత చెప్పే కూర్చోవడం వేరు, ఇది వేరు. ఈ తేడాను మాటల్లో నిలబెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చివరిగా సెలవు. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు. చేతి నుంచి వెళ్ళిపోయిన డబ్బు వాళ్ళకు సెలవు అయింది. వెనకటి తెలుగులోనూ ఖర్చు కావడాన్ని ‘సెలవగు’ అనేవారు. మనకు ముఖ్యంగా నిలిచింది వెళ్ళడానికి ఇచ్చే అనుమతి. ‘ఇక సెలవు ఇప్పించండి’ అన్నప్పుడు అడిగేది అదే. ‘సెలవియ్యండి’ అంటే పెద్దలను మాట్లాడమని వేడుకోవడం. అందుకే సెలవుకు ఇచ్చేవారొకరు కావాలి, అధికారి దాన్ని మంజూరు చేస్తాడు. విశ్రాంతిని మంజూరు చేయడమన్న వాడుక తెలుగులో లేదు. మీ అబ్బాయి ఆదివారం నాడు తీసుకుంటున్నది విశ్రాంతి. వాళ్ళ నాన్నగారు అతన్ని ఏదో ఒకటి అనే తీరాలనుకుంటే, ‘బాగా అలసిపోయినట్టున్నావు’ అనవచ్చు.