శిఖరం కనిపిస్తుండగా వెనుదిరగడం

ప్రశ్న: రెండేళ్లు సాధన చేసి, సెలవులు కూడబెట్టుకుని, గైడును నియమించుకుని ఒక మంచు పర్వతం ఎక్కడానికి వెళ్లాము. ఆకాశం నిర్మలంగా ఉంది. మరో గంటలో శిఖరం చేరుతామనగా, అనుకున్న సమయం మించిపోయిందంటూ గైడు మమ్మల్ని వెనక్కి తీసుకువచ్చారు. డబ్బు తీసుకుని ఇలా చేయడం సబబేనా?

జవాబు: మీ నిరాశ సహజమే కాని, మీరు బలంగా చూపుతున్న కారణమే, అంటే ఆ నిర్మలమైన ఆకాశమే, మీ వాదనకు ఎదురు తిరుగుతోంది. రాత్రి చలికి గట్టిపడిన మంచు పొద్దెక్కే కొద్దీ మెత్తబడుతుంది. మంచులోని లోతైన పగుళ్లను కప్పి ఉన్న మంచు వంతెనలు బలం కోల్పోతాయి, గడ్డకట్టిన మంచు పట్టి ఉంచిన రాళ్లు వదులై కిందికి దొర్లుతాయి. మబ్బు లేని ఎండలో ఇదంతా మరింత త్వరగా జరుగుతుంది. అందుకే అర్ధరాత్రి దాటగానే బయలుదేరతారు. వెనుదిరగవలసిన వేళను కూడా ఎక్కడానికి పట్టే సమయాన్ని బట్టి కాక, సురక్షితంగా దిగడానికి ఎంత సమయం మిగలాలో చూసుకుని నిర్ణయిస్తారు. మీరు చెప్పిన గంటకు తోడు, అలసిన కాళ్లతో అదే దారిని దిగవలసిన సమయం కూడా ఉంది.

1865 జూలై 14న ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి చేరిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడే మరణించారు. అనుభవం తక్కువగా ఉన్న ఒకరు కాలు జారి, ముందున్న గైడు మిషెల్ క్రోజ్ మీద పడగా, ఆ వెంటనే మరో ఇద్దరు కూడా లాగివేయబడ్డారు; తాడు తెగడంతో పైనున్న ముగ్గురు మిగిలారు. ఒకే తాడుకు కట్టుకున్నవారిలో ఒకరి అలసట అందరి సమస్య అవుతుందని గైడుకు తెలుసు. ఆయన మీ నుంచి తీసుకున్న రుసుము శిఖరానికి ధర కాదు, ఇటువంటి నిర్ణయానికి ప్రతిఫలం. అయితే ఈ గడువు సంగతి బయలుదేరే ముందే మీకు వివరంగా చెప్పి ఉండకపోతే, ఆ తప్పు మాత్రం నిస్సందేహంగా ఆయనదే.

ప్రశ్న: నేను నిటారు రాతి గోడలను సులువుగా ఎక్కగలను. గైడు వృత్తిలోకి రావడానికి ఇది చాలుతుందా?

జవాబు: చాలదు. అది ప్రవేశార్హత మాత్రమే. 1965లో ఏర్పడిన అంతర్జాతీయ పర్వత గైడుల సమాఖ్య ప్రమాణాల ప్రకారం పూర్తి స్థాయి గైడుకు రాతి ఆరోహణ, మంచు పర్వతారోహణ, స్కీయింగ్ మూడింటిలోనూ నైపుణ్యం ఉండాలి. ఈ శిక్షణకు కొన్నేళ్లు పడుతుంది, అందులో చేరడానికే అంతకుముందు స్వయంగా ఎక్కిన మార్గాల పట్టిక చూపించవలసి ఉంటుంది.

అసలు తేడా పనిలో దిగాక తెలుస్తుంది. స్నేహితుడితో ఎక్కేటప్పుడు మీరు జారితే అతడు తాడు పట్టుకుని నిలువరిస్తాడు. కొత్తవారితో ఎక్కే గైడు ఆ భరోసా పూర్తిగా ఉండదన్న లెక్కతోనే ప్రతి అడుగూ వేయాలి. ముందు తాను ఎక్కి, రాతిలో గట్టి ఆధారం అమర్చుకుని, పైనుంచి తాడు లాగుతూ కిందివారిని రప్పించాలి. వారు కట్టుకున్న ముడిని, నడుము పట్టీ బకిల్‌ను వందోసారి కూడా మొదటిసారి చూసినట్లే పరీక్షించాలి. (నా లెక్కలో ఇదే అన్నిటికన్నా కష్టం, విసుగు వల్ల జరిగే పొరపాట్లు భయం వల్ల జరిగే వాటి కంటే ఎక్కువ.) మీకు ఇష్టమైన కఠిన మార్గాలకు బదులు అదే తేలిక మార్గాన్ని ఒక్క సీజన్‌లోనే పదేపదే ఎక్కవలసి రావచ్చు. వాతావరణం బాగాలేని రోజుల్లో ఆదాయం ఉండకపోవచ్చు, మోకాళ్లు మాత్రం ఏటా అరుగుతాయి.

బీమా గురించి ముందుగానే ఆలోచించండి; ఈ అవసరం కొత్తది కాదు. 1820లో ఆల్ప్స్‌లోని మోం బ్లాం పర్వతంపై మంచు చరియలు విరిగిపడి ముగ్గురు గైడులు మరణించిన మరుసటి ఏడాదే ఆ పర్వతం కింద ఉన్న షామొనీ ఊరి గైడులు సంఘంగా ఏర్పడి, ఆపదలో ఉన్న కుటుంబాలకు సహాయనిధిని నెలకొల్పుకున్నారు.

దరఖాస్తు పెట్టే ముందు, మీకంటే బాగా తక్కువ నైపుణ్యం గల ఒకరిని, మీకు ఏమాత్రం కష్టం కాని మార్గంలో, ఒక రోజంతా వారి వేగంతోనే తీసుకువెళ్లి చూడండి. సాయంత్రానికి మీకు చిరాకు మిగిలితే, మీ ఆరోహణను ఇష్టంగానే ఉంచుకుని జీవనోపాధికి మరో పని చూసుకోవడం మంచిది.