మింగుడు పడకపోతే గ్యాస్ మాత్రలతో సరిపెట్టకండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. మా అమ్మకు 54 ఏళ్లు. ఎనిమిది నెలలుగా అన్నం తింటే రొమ్ము మధ్యలో ఆగిపోయినట్టు ఉంటోంది. మొదటి నుంచీ నీళ్లు తాగినా అంతే. రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే నోట్లోకి వస్తుంది, దగ్గుతో లేచి కూర్చుంటుంది. బాగా చిక్కిపోయింది, జాకెట్లన్నీ వదులైపోయాయి. ఊళ్లో ఆర్ఎంపీ గారు గ్యాస్ అని మాత్రలు ఇస్తున్నారు. ఎవరో మందు పెట్టారని, కక్కించే ఆయన దగ్గరికి తీసుకెళ్దామని మా పిన్ని అంటోంది. అమ్మకు ఎప్పటి నుంచో అడ్డచుట్ట అలవాటు. ఇది క్యాన్సరా? ఎక్కడ చూపించాలి?

జవాబు: కక్కించే చోటికి మాత్రం అమ్మగారిని తీసుకెళ్లకండి. మీ పిన్నిగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ తిన్నది కడుపులోకి దిగక ఛాతీలోనే నిలిచిపోతున్న మనిషికి బలవంతంగా వాంతి చేయిస్తే, ఆ నిలవ ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కక్కినప్పుడు పడిన ముద్దను చూపించి "ఇదిగో పెట్టిన మందు" అంటారు. అది ముందురోజు తిని దిగకుండా ఉండిపోయిన అన్నమే.

ఇక గ్యాస్ సంగతి. ఎసిడిటీ ఉంటే మంట, పులితేన్పులు ఉంటాయి. ముద్ద ఆగిపోవడం వేరే లక్షణం. ఏళ్ల తరబడి ఎసిడిటీ ఉన్నవాళ్లకు అన్నవాహిక (గొంతు నుంచి కడుపుకు ఆహారం వెళ్లే గొట్టం) పుండుపడి ఇరుకైపోవడం ఉంది కానీ, దాన్ని కూడా ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి చూసి తేల్చాలి. ఎనిమిది నెలలు మాత్రలు మార్చుకుంటూ పోవడం చాలా ఎక్కువ.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట "మొదటి నుంచీ నీళ్లు తాగినా అంతే" అన్నది. అన్నవాహికలో గడ్డ పెరుగుతుంటే సాధారణంగా ముందు రొట్టె, మాంసం, అన్నం ఆగుతాయి. కొన్ని వారాలకో నెలలకో మెత్తన్నం, ఆ తర్వాత జావ, చివరికి నీళ్లు. అమ్మగారికి మొదటి నుంచే రెండూ ఆగుతున్నాయి, పడుకుంటే వెనక్కి వస్తున్నాయి. ఇది అకలేషియా అనే జబ్బు లక్షణం. అన్నవాహిక అడుగున, కడుపు మొదలయ్యే చోట ఉన్న కండరం ముద్ద వచ్చినప్పుడు వదులవ్వాలి. దాన్ని వదులు చేసే నరాల కణాలు నశిస్తే ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. పైన ఉన్న అన్నవాహిక కూడా ముద్దను కిందికి నెట్టే శక్తి కోల్పోతుంది. ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరికి వచ్చే జబ్బు కాబట్టి వెంటనే ఎవరికీ తట్టదు. గ్యాస్ పేరుతో ఏళ్లు గడిచిపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు.

అలాగని క్యాన్సర్ కాదని ఇక్కడి నుంచి నేను చెప్పలేను. వయసు, చుట్ట, బరువు తగ్గడం, మూడూ భయపెట్టేవే. పైగా కడుపు మొదట్లో వచ్చే క్యాన్సర్ ఒక్కోసారి అచ్చం అకలేషియాలాగే కనిపిస్తుంది. నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్టతో అంగిలికి క్యాన్సర్ వస్తుందని మన ఉత్తరాంధ్ర వైపు డాక్టర్లకు బాగా తెలుసు. అన్నవాహిక క్యాన్సర్‌కు కూడా పొగాకు పెద్ద కారణం. అంగిలిని కూడా టార్చి వేసి చూడమని డాక్టరును అడగండి. చుట్ట ఈ రోజే మానిపించండి, తిట్టి కాదు, పక్కన కూర్చుని చెప్పి.

బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రికి గానీ, గుణుపురం పాసింజర్‌లో విశాఖ వచ్చి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో గ్యాస్ట్రోఎంటరాలజీ (జీర్ణకోశ వ్యాధుల) విభాగానికి గానీ వెళ్లండి. ఎండోస్కోపీ ఏ రోజుల్లో చేస్తారో ముందే కనుక్కోండి. ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రాలో ఆ ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో కూడా బయల్దేరే ముందే అడగండి, అక్కడికి వెళ్లాక టెన్షన్ పడొద్దు. పరీక్షకు ముందు రోజంతా పల్చటి ద్రవాలే ఇవ్వండి, ఆ తర్వాత ఎన్ని గంటలు ఏమీ తీసుకోకూడదో ఆస్పత్రి వాళ్లు చెప్పినట్టు చేయండి. తిన్నది లోపల నిలిచిపోతోందని వాళ్లకు తప్పకుండా చెప్పండి. ఎండోస్కోపీకి పది నిమిషాలు చాలు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీస్తారు. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందన్న భయం మన ఊళ్లలో బాగా ఉంది, అది నిజం కాదు. దానివల్ల జబ్బు పాకదు.

ఎండోస్కోపీలో గడ్డ లేకపోతే బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తారు. అకలేషియాలో అన్నవాహిక పైన ఉబ్బి, కింద పక్షి ముక్కులా సన్నబడి కనిపిస్తుంది. లోపలి ఒత్తిడి కొలిచే మానోమెట్రీ పరీక్షతో ఖాయమవుతుంది.

అకలేషియా అని తేలితే ధైర్యంగా ఉండండి. పోయిన నరాలు తిరిగి రావు కానీ, మళ్లీ అన్నం తినేలా చేయవచ్చు. బిగుసుకున్న కండరాన్ని 30 మిల్లీమీటర్ల బెలూన్‌తో, చాలకపోతే అంతకన్నా పెద్దదానితో సాగదీస్తారు. కొందరికి కొన్నేళ్ల తర్వాత మళ్లీ చేయాల్సి వస్తుంది. అరుదుగా అన్నవాహికకు చిల్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి అనుభవం ఉన్న చోటే చేయించాలి. రెండో దారి కీహోల్ ఆపరేషన్‌తో ఆ కండరాన్ని కోయడం, దీన్ని హెల్లర్ మయోటమీ అంటారు. మూడోది పోయెమ్. జపాన్‌లో 2008లో మొదటిసారి మనిషికి చేశారు. పొట్ట మీద కోత లేకుండా ఎండోస్కోపీ లోపలి నుంచే కండరాన్ని కోస్తారు. దీని తర్వాత ఎసిడిటీ కాస్త ఎక్కువగా వస్తుంది, దానికి మాత్రలు వాడుకోవాలి. మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు కానీ, దాని గుణం సాధారణంగా ఏడాది దాటదు. మీ అమ్మగారి వయసుకు అది నేను సూచించను. ఒకవేళ క్యాన్సర్ అయితే ఎంత తొందరగా తెలిస్తే ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు అంత అవకాశం ఉంటుంది.

ఈలోపు చోడి (రాగి) అంబలి, మజ్జిగ, పాలలో నానబెట్టిన ఇడ్లీ లాంటివి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. రాత్రి భోజనానికి, పడకకు మూడు గంటల తేడా ఉండాలి. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. ఉమ్ము కూడా మింగలేకపోయినా, వాంతిలో రక్తం పడినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, జ్వరంతో ఆయాసం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.