స్కానింగ్ ప్రోబ్ మీద మనసుపడిన అమ్మాయికి సీఎస్ఈ ఒక్కటే దారా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి ఎంపీసీ పూర్తి చేసి, ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఈమధ్య మా అమ్మగారికి గుండె ఎకో పరీక్ష చేయించినప్పుడు వెంట వచ్చి, ‘ఇంత చిన్న ప్రోబ్ నుంచి అంత వెడల్పు బొమ్మ ఎలా వస్తోంది?’ అని డాక్టరుగారిని అడిగింది. అప్పటినుంచి అలాంటి పరికరాలు తయారుచేసే చదువే చదువుతానంటోంది. సీఎస్ఈ ఏఐలో చేరి, తర్వాత స్కానింగ్ బొమ్మల మీదే పనిచేయవచ్చు కదా అంటే వినడం లేదు. సీఎస్ఈ ఏఐ, ఈసీఈ, బయోమెడికల్, బీఎస్సీ ఫిజిక్స్‌లలో ఏది మేలో పోల్చి చెప్పండి. ఈ పిచ్చి ఎన్నాళ్లుంటుందో మాకు అర్థం కావడం లేదు.

సమాధానం: కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ, ఈ ప్రశ్న ప్రతి ఏటా వెబ్ కౌన్సెలింగ్ రోజుల్లో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. మీరు పైకి అడిగింది నాలుగు కోర్సుల పోలిక. లోపల ఉన్నది మాత్రం, నలుగురూ వెళ్లే దారి వదిలేస్తే బిడ్డ ఉద్యోగం లేకుండా మిగిలిపోతుందేమోనన్న భయం. ముందుగా దానికే జవాబు చెబుతాను: గణితం, భౌతికశాస్త్రం గట్టిగా వచ్చి, ఒక పరికరం ఎలా పనిచేస్తుందో తెలుసుకునేదాకా ఊరుకోని పిల్లలు ఏ బ్రాంచిలో చేరినా మిగిలిపోరు. మీరు నిశ్చింతగా ఉండండి.

రెండో మాట కొంచెం కటువుగా ఉంటుంది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నను మీరు ‘పిచ్చి’ అన్నారు. ఆ పరికరాన్ని రూపొందించే ఇంజనీర్లు మొట్టమొదట ఎదుర్కోవలసిన ప్రశ్న అదే. ఎకో అంటే, చెవికి వినిపించని అతిధ్వనిని (అల్ట్రాసౌండ్) ఛాతీకి ఆనించిన ప్రోబ్ నుంచి లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీయడం. గుండెను చూడాలంటే పక్కటెముకల మధ్యనున్న ఇరుకు సందులోంచే చూడాలి కాబట్టి ప్రోబ్ ముఖం సుమారు రెండు సెంటీమీటర్లకు మించి ఉండడానికి వీల్లేదు. ఆ కొద్దిపాటి చోటు నుంచి బయలుదేరిన ధ్వని పుంజం, డాక్టరుగారు చేయి కదపకుండానే, ఛాతీ లోపల విసనకర్రలా అటునుంచి ఇటు తిరిగి రావాలి.

అది ఎలా తిరుగుతుందో మీరు కూడా ఒక్కసారి ఓపికగా వినండి. ప్రోబ్ ముఖం లోపల ఉండేది ఒకే పలక కాదు. పదుల కొద్దీ సన్నని ముక్కలు వరుసగా పేర్చి ఉంటాయి. ఎక్కువగా లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే పింగాణీ పదార్థం వాడతారు. పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిన పీజోఎలక్ట్రిక్ ధర్మం దానిలో బలంగా ఉంటుంది కనుక, విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది, తిరిగి వచ్చిన ప్రతిధ్వని తాకితే విద్యుత్తును పుట్టిస్తుంది. గుండె పరీక్షలో సాధారణంగా వాడే 2.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం తీసుకుందాం. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లు కాబట్టి తరంగదైర్ఘ్యం సుమారు 0.6 మిల్లీమీటర్లు, ముక్కల మధ్య దూరం అందులో సగం, అంటే 0.3 మిల్లీమీటర్లు ఉంచుతారు. అన్ని ముక్కలనూ ఒకేసారి కంపింపజేస్తే పుంజం తిన్నగా ముందుకు వెళుతుంది. ఒక్కో ముక్కను దాని పక్కదానికంటే సెకనులో కోటోవంతు ఆలస్యంగా కంపింపజేస్తే, ఆ తరంగాలన్నీ ముప్ఫై డిగ్రీలు పక్కకు వాలిన దిశలో ఒకదానికొకటి బలమై, మిగిలిన దిశల్లో చాలావరకు రద్దయిపోతాయి. అంచుల్లోని ముక్కలను ముందుగా, మధ్యలోని వాటిని కాస్త ఆలస్యంగా కంపింపజేస్తే పుంజం కోరిన లోతులో సన్నబడుతుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో మార్కుల కోసం బట్టీపట్టించిన హైగెన్స్ సూత్రం, వ్యతికరణం ఇవే. మీ అమ్మాయి వాటిని ఆసుపత్రి గదిలో గుర్తుపట్టలేకపోయినా, అక్కడ అడగవలసిన ప్రశ్న ఉందని గుర్తించింది.

ఇందులో ఎలక్ట్రానిక్స్ ఒక్కటే లేదు. ఆ పింగాణీకీ మన శరీరానికీ ధ్వని అవరోధంలో (ఇంపీడెన్స్, అంటే ధ్వని ప్రయాణాన్ని పదార్థం ఎదిరించే తీరులో) దాదాపు ఇరవై రెట్ల తేడా ఉంటుంది. రెండింటినీ నేరుగా ఆనిస్తే ధ్వని శక్తిలో ఎనభై శాతం దాకా సరిహద్దు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది. అందుకే ముందువైపు పావు తరంగదైర్ఘ్యం మందంతో మధ్యస్థ పొరలు అతికిస్తారు. వెనకవైపు కంపనాన్ని త్వరగా అణిచే పదార్థం పెడతారు. ఎందుకంటే పంపే ధ్వని తునక (పల్స్) ఎంత పొట్టిగా ఉంటే, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న రెండు పొరలు బొమ్మలో అంత విడివిడిగా కనిపిస్తాయి. చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య గాలి మిగలకూడదనే ఆ చల్లని జెల్ పూస్తారు.

ఇక మీరు సూచించిన సీఎస్ఈ ఏఐ. దీనిమీద నా సందేహాలు దాచుకోను. మన విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీలు ఈ పేరుతో సెక్షన్లు పెంచుకుంటూ పోతున్నాయి. చెప్పగలిగిన అధ్యాపకులు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. సిలబస్ దగ్గర పెట్టుకుని చూడండి, చాలాచోట్ల మామూలు సీఎస్ఈకి నాలుగైదు పేపర్లు చేర్చినదే కనిపిస్తుంది. దానికంటే పెద్ద సందేహం ఇంకొకటి ఉంది. స్కానింగ్ తెరమీది బొమ్మ ఫొటో లాంటిది కాదు. ధ్వని అన్నిచోట్లా 1540 మీటర్ల వేగంతోనే, తిన్నగానే వెళ్లిందని అనుకుని యంత్రం వేసిన లెక్క అది. పుంజానికి ప్రధాన భాగంతో పాటు పక్కలకు వెళ్లే బలహీనమైన పాయలు కూడా ఉంటాయి. వాటి నుంచి వచ్చిన ప్రతిధ్వనిని యంత్రం మధ్యనుంచే వచ్చిందనుకుని, శుభ్రంగా ఉన్న పిత్తాశయంలో మడ్డి ఉన్నట్లు చూపించగలదు. పుంజం ఎలా ఏర్పడుతుందో తెలియని వ్యక్తి అలాంటి వేల బొమ్మలతో ప్రోగ్రామును తయారుచేస్తే, యంత్రం పొరపాటును రోగంగా నేర్పించే ప్రమాదం ఉంది. ఈ రంగంలో ఏఐకి చోటు ఉంది, రోజురోజుకీ పెరుగుతోంది కూడా. కానీ ధ్వని శాస్త్రం తెలిసినవారు ప్రోగ్రామింగ్ నేర్చుకుని అటు వెళ్లడం తేలిక, ఎదురు దారిలో రావడం చాలా కష్టం.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మాయికి నా మొదటి సలహా ఈసీఈ. సిగ్నల్ ప్రాసెసింగ్, విద్యుదయస్కాంత తరంగాలు, యాంటెన్నాలు అందులో ఉంటాయి; యాంటెన్నా వరుసలను నడిపే గణితమే ప్రోబ్‌నూ నడుపుతుంది. రేపు మనసు మారినా ఈసీఈ పట్టాతో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడానికి ఏ అడ్డూ లేదు. బయోమెడికల్ మంచి సంస్థలో దొరికితేనే తీసుకోండి. పేరు లేని చోట చదివినవారిలో చాలామంది ఆసుపత్రి పరికరాల సర్వీసింగ్‌లో స్థిరపడతారు. అది గౌరవమైన పనే, అయితే మీ అమ్మాయి అడిగిన పని అది కాదు. బీఎస్సీ ఫిజిక్స్ చదివి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక ఉంటే అదీ చక్కని దారే. ఈసీఈ తర్వాత బయోమెడికల్ వైపు రావాలనుకుంటే గేట్‌లో 2020 నుంచి దానికి ప్రత్యేక పేపరు ఉంది.

ఒక అపోహ ఇప్పుడే తొలగించుకోండి. ప్రోబ్ పట్టుకుని రోగులకు స్కానింగ్ చేయడం వేరే దారి. అమెరికాలో దానికి సోనోగ్రాఫర్ అనే ఉద్యోగం ఉంది. మన దేశంలో 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం గర్భిణులకు ఆ పరీక్ష అర్హులైన వైద్యులే చేయాలి. అల్ట్రాసౌండ్ యంత్రాలను రిజిస్ట్రేషన్ లేనివారికి అమ్మడం కూడా నేరమే. అందువల్ల ప్రయోగాల పేరుతో పాత స్కానింగ్ యంత్రం చవకగా వస్తోందని కొనిపెట్టకండి.

ఉద్యోగాల మాటకొస్తే, వైద్య పరికరాల డిజైన్ పనులు మన దగ్గర బెంగళూరులోనే ఎక్కువ. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకోసం పెట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది. అయితే ఈ విద్య ఆసుపత్రికే పరిమితం కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్‌తో అతిధ్వని పరికరం చేసింది జలాంతర్గాముల కోసం. నేడు కొచ్చిలో రక్షణశాఖ పరిశోధనాశాల, నీటిలో ధ్వనితో వెతికే సోనార్ మీద పనిచేస్తోంది. రైలు పట్టాల లోపలి పగుళ్లను ఇదే ధ్వనితో వెతుకుతారు. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం లాంటి థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాలు ఎంత అరిగాయో తెలుసుకునేదీ దీనితోనే. వీటన్నిటిలోనూ పుంజాన్ని అర్థం చేసుకున్నవారికి విలువ ఉంటుంది.

ఈ ఇష్టం ఎన్నాళ్లుంటుందో తెలియడం లేదన్నారు. దాన్ని పరీక్షించే మార్గం తక్కువ ఖర్చుతోనే ఉంది. దూరాన్ని కొలిచే 40 కిలోహెర్ట్జ్ అతిధ్వని సెన్సర్లు విజయవాడలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. గాలిలో పనిచేసే ఆ చిన్న బిళ్లలకు ఏ అనుమతీ అక్కర్లేదు. ఎనిమిదింటిని వరుసగా పేర్చి, ఒక మైక్రోకంట్రోలర్‌తో (ప్రోగ్రాము రాసుకునే చిన్న చిప్) ఆలస్యాలు మార్చుతూ, ఎదురుగా మరో సెన్సరును కదిపి చూడమనండి. ఆ బిళ్ల వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు, గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు 8.5 మిల్లీమీటర్లు. అంటే బిళ్లల మధ్య దూరం సగం తరంగదైర్ఘ్యాన్ని బాగా దాటిపోతుంది కాబట్టి, మధ్య పుంజానికి రెండువైపులా ముప్ఫై డిగ్రీల దాపుల్లో దొంగ పుంజాలు కనిపిస్తాయి. అవి ఎందుకు వచ్చాయో తేల్చకుండా అమ్మాయి నిద్రపోకపోతే, ఇష్టం నిజమైనదే. రెండు రోజులకే పక్కన పెట్టేసినా మీకు నష్టం లేదు, ఈసీఈ సీటు చేతిలోనే ఉంటుంది.

ఆప్షన్లు ఇచ్చేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు మూడు కాలేజీలకు వెళ్లండి. ప్లేస్‌మెంట్ బోర్డు చూసి వెనక్కి రాకుండా, సిగ్నల్ ప్రాసెసింగ్ ల్యాబ్‌లో పిల్లలే స్వయంగా సర్క్యూట్ కలుపుతారా, లేక రికార్డు పుస్తకం నింపి ఊరుకుంటారా అని అక్కడి విద్యార్థులనే అడగండి. ఆ మాటలు అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీరు పక్కన ఉంటే చాలు.