గ్రీన్ టీ నిజంగా బ్యాక్టీరియాను చంపుతుందా?

కొంతవరకు చంపుతుంది, కానీ నేరుగా తగిలిన చోటే. ఆకులోని కాటెకిన్లు అనే సహజ రసాయనాలు, ముఖ్యంగా వాటిలో ఒకటైన ఈజీసీజీ, బ్యాక్టీరియా పైపొరకు అంటుకుని దాన్ని దెబ్బతీస్తాయి. నాలుకకు వగరుగా తగిలేది ఇవే. మామూలు టీ తయారీలో ఆకును నలిపి, గాలి తగిలి నల్లబడేదాకా ఉంచుతారు కాబట్టి కాటెకిన్లు చాలావరకు మారిపోతాయి. గ్రీన్ టీ ఆకును ముందే వేడి చేస్తారు, అందుకే అవి నిలుస్తాయి.

ఉదాహరణకు, చక్కెర లేని గ్రీన్ టీతో పుక్కిలిస్తే పళ్లను పుచ్చబెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ నోట్లో కొంత తగ్గుతుంది. (బ్రష్ మాత్రం మానొద్దు.)

చాలామంది దీన్ని యాంటీబయాటిక్‌కు బదులుగా తాగొచ్చనుకుంటారు. అది పొరపాటు. తాగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, ల్యాబ్‌లో బ్యాక్టీరియాను చంపిన మోతాదుకు దరిదాపుల్లోకి కూడా రాదు. డాక్టర్ రాసిన కోర్సు మధ్యలో ఆపకండి.