ఇసుకలోని టైటానియం, ఆకు చేసే పని చేస్తుందా?

ప్రశ్న: మేష్టారూ, మా అమ్మాయి బరంపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. ఎండ తగిలితే నీళ్లను విడగొట్టే పొడి ఉందట, అది ఆకు చేసే పనేనట, మన తీరం ఇసుకలో దొరికే టైటానియంతోనే చేస్తారట. నిజమేనా? నిజమైతే ఇంకా బజారులోకి ఎందుకు రాలేదు?
– ఒక తండ్రి, ఛత్రపురం, గంజాం జిల్లా

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమేనండీ. మీ ఊళ్లో ఇసుక నుంచి ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజంతో పాటు రూటైల్ కూడా వేరుచేస్తారు కదా. రూటైల్ అంటే టైటానియం డయాక్సైడే. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు రూటైల్ స్ఫటికాన్ని నీళ్లలో ఉంచి వెలుతురు పడనిస్తే దాని దగ్గర ఆక్సిజన్, తీగతో దానికి కలిపిన అవతలి ప్లాటినం దగ్గర హైడ్రోజన్ పుట్టాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ బొమ్మ గీయడమంటే నాకు ప్రాణం.

చిక్కు ఎక్కడంటే, ఈ పదార్థానికి అతినీలలోహిత కాంతే కావాలి. మే నెలలో గోపాలపూర్ ఇసుక కాళ్లు కాల్చేంత ఎండలోనూ ఆ కాంతి నూటికి నాలుగైదు పాళ్లే. ఆకు అయితే ఎర్ర కాంతితోనూ పని కానిస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. వెలుతురు పైకి లేపిన ఎలక్ట్రాన్, చేదుతుండగా తాడు జారిన బిందెలా, మళ్లీ ఉన్నచోటికే పడిపోతుంది. ఆకు దాన్ని పడనివ్వదు, వెంటనే పక్క అణువుకు అందించేస్తుంది. రెండు నీటి అణువుల నుంచి ఒక ఆక్సిజన్ అణువు రావాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు లాగాలి. ఆకులో నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం పరమాణువులున్న చిన్న గుంపు వాటిని ఒక్కొక్కటిగా, ఓపిగ్గా లాగుతుంది. ఆ గుంపు ఆకారం స్పష్టంగా తెలిసింది 2011లోనే. పైగా ఎండ దెబ్బకు అక్కడి ప్రొటీన్ పాడైతే ఆకు కొత్తది తయారుచేసి పెట్టుకుంటుంది. మన పొడికి ఆ విద్య రాదు. నన్నడిగితే అసలు పరిశోధన జరగాల్సింది ఇక్కడే.

ఒక మాట సరిచేయాలి. ఆకు హైడ్రోజన్ వాయువు వదలదు, ఆ ఎలక్ట్రాన్లతో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తుంది. అది ఇంకా కష్టమైన పని.

ఇక బజారు సంగతి. 2021లో డొమెన్ అనే శాస్త్రవేత్త బృందం జపాన్‌లో ఇలాంటి పొడితో చేసిన 100 చదరపు మీటర్ల పలకలు ఆరుబయట నడిపి చూపింది. అందులో వాడింది స్ట్రాన్షియం టైటనేట్, అంటే మళ్లీ టైటానియమే. ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది అత్యధికంగా 0.76 శాతం. సోలార్ ప్యానెల్ కరెంటుతో నీళ్లు విడగొడితే ఇంతకు పది రెట్ల పైనే వస్తుంది. అందుకే కొనేవాళ్లు లేరు.

అమ్మాయి కాలేజీ ల్యాబ్‌లో చేయదగ్గ ప్రయోగం ఒకటుంది. పల్చటి మిథిలీన్ బ్లూ నీళ్లలో చిటికెడు టైటానియం డయాక్సైడ్ కలిపి, తిప్పుతూ ఎండలో ఉంచితే నీలం విరిగిపోతుంది. పొడి కలపని గ్లాసు ఒకటి ఎండలో, పొడి కలిపింది ఇంకోటి చీకట్లో తప్పకుండా పెట్టమనండి. ఆ రంగు ఉత్త ఎండకూ కొంత వెలుస్తుంది, పొడికీ కొంత అంటుకుంటుంది.