ఫైన్ ఆర్ట్స్ కాలేజీ పాత ఫైళ్లతో కెరీర్ కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఎం.ఏ. హిస్టరీ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ పాలనా చరిత్రను ప్రాజెక్టుగా తీసుకుంది. ఇక పాత రికార్డుల పనిలోనే స్థిరపడతానంటోంది. ఉద్యోగాలుంటాయా? ఏ కోర్సు చేయించాలి? – ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంటాయి గానీ తక్కువ. ఆర్కివిస్ట్ (పాత రికార్డులను భద్రపరిచే ఉద్యోగి) పేరుతో పోస్టులు నేషనల్ ఆర్కైవ్స్‌లో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, కొన్ని పెద్ద సంస్థల్లో ఉంటాయి. నోటిఫికేషన్లు ఏటా పడవు. మ్యూజియంలు, యూనివర్సిటీ లైబ్రరీలు, డిజిటైజేషన్ కాంట్రాక్టులు కూడా కలుపుకుంటేనే జీతానికి భరోసా. అందుకే లైబ్రరీ సైన్స్ డిగ్రీ కూడా ఒకటి చేతిలో ఉంచుకోమనండి. యూజీసీ నెట్‌లో హిస్టరీతో పాటు మ్యూజియాలజీ అండ్ కన్సర్వేషన్ (మ్యూజియం నిర్వహణ, వస్తువుల పరిరక్షణ) కూడా ఒక సబ్జెక్టు. అదీ దృష్టిలో ఉంచుకోవాలి.

కోర్సు సంగతి తర్వాత. చేతిలో ఉన్న ప్రాజెక్టును సరిగ్గా చేస్తే అదే ఆమెకు మొదటి శిక్షణ.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, ఆ కాలేజీ ఏ సంవత్సరంలో ఎవరి కింద ఉందన్నది. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి. 1940లో మొదలై ప్రభుత్వ కాలేజీగా నడిచింది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కిందికి వచ్చింది. అంటే 1965 నాటి నియామకం ఫైలు కోసం యూనివర్సిటీ రికార్డు గదిలో వెతికితే దొరక్కపోవచ్చు. అప్పటి కాగితాలు ప్రభుత్వ శాఖవి. మన దగ్గరా ఇదే సంగతి. నాగార్జున యూనివర్సిటీ 1976లో ఏర్పడింది. అంతకు ముందు 1967 నుంచి గుంటూరులో ఉన్నది ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్. ఆ తొమ్మిదేళ్ల నిర్ణయాల జాడ విశాఖపట్నంలో తీయాలి. ఆ ఆంధ్రా యూనివర్సిటీ కూడా 1926లో బెజవాడలో పుట్టి తర్వాత విశాఖ చేరింది. కాబట్టి ఒక పెద్ద కాగితం మీద సంవత్సరం, పై అధికార సంస్థ, చట్టం లేదా జీవో నంబరు, కోర్సు పేరు, అధిపతి హోదా వరుసగా రాసుకోమనండి. డిప్లొమా డిగ్రీగా మారిన ఏడాది ముఖ్యం. సిలబస్, సిబ్బంది, పరీక్షలు అన్నీ అక్కడే మారతాయి.

తర్వాత బీరువా తెరవడం. ఇక్కడ చాలామంది ఉత్సాహం కొద్దీ ఒక పొరపాటు చేస్తారు. కట్టలు విప్పి ప్రవేశాలు ఒక చోట, జీతాలు ఒక చోట, ఎగ్జిబిషన్లు ఒక చోట పేర్చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఏ సెక్షన్ ఏ కాగితాన్ని దేని పక్కన పెట్టిందో ఆ సమాచారం పోతుంది. అది మళ్లీ రాదు. కట్టలు ఉన్న వరుసలోనే ఉంచి, ముందు జాబితా రాయాలి: బీరువా, అర, కట్ట నంబరు, అట్ట మీది పేరు, మొదటి తేదీ, చివరి తేదీ, సెక్షన్, మందం సెంటీమీటర్లలో, కాగితం పరిస్థితి. నంబరు మెత్తటి పెన్సిల్‌తోనే వేయాలి.

ఫైలును ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే, అట్ట మీది డిస్పోజల్ గుర్తులు చదవడం నేర్చుకోవాలి. మన ప్రభుత్వ కార్యాలయాల పద్ధతిలో ఎల్.డిస్. అంటే 1 ఏడాది, కె.డిస్. 3 ఏళ్లు, డి.డిస్. 10 ఏళ్లు, ఆర్.డిస్. శాశ్వతం. ఆ గడువులు ఆఫీసు అవసరానికి పెట్టినవి. కళాశాల చరిత్రకు పనికొచ్చేవి చాలాసార్లు తక్కువ గడువు ఫైళ్లలోనే ఉంటాయి. ఎచింగ్ ప్రెస్ (పలక మీద చెక్కిన బొమ్మను కాగితం మీద అచ్చు వేసే యంత్రం) కొన్న ఫైలు చూడండి: డిపార్ట్‌మెంట్ హెడ్ సామాను కావాలని రాసిన ఇండెంట్, మూడు కొటేషన్లు, ధరలను పోల్చిన కంపారటివ్ స్టేట్‌మెంట్, ఆఫీసు నోట్‌లో అభ్యంతరం, దాని కింద ప్రిన్సిపాల్ సంతకం, చివర స్టాక్ రిజిస్టర్ పేజీ నంబరు. ప్రింట్‌మేకింగ్ నిజంగా ఎప్పుడు మొదలైందో సిలబస్ పుస్తకం కన్నా ఈ ఫైలే నమ్మకంగా చెబుతుంది, ఎందుకంటే సిలబస్‌లో ఉన్నా ప్రెస్ లేకపోతే క్లాసు జరగదు. శిల్పం సెక్షన్ బంకమట్టి బిల్లులు, మోడల్‌గా కూర్చున్నవారి కూలి వోచర్లు, పనికిరాదని కండెమ్ చేసిన సామాను జాబితా కూడా ఇలాంటివే. తూకానికి వేసేటప్పుడు ముందు పోయేవి ఇవే. ఇవి చూశాక నాకు ప్రారంభోత్సవాల ఫొటో ఆల్బమ్‌ల మీద అంత మోజు ఉండదు.

కేంద్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 1993, రాష్ట్ర యూనివర్సిటీలకు వర్తించదు. కాపాడటం చాలావరకు అక్కడి రిజిస్ట్రార్, ప్రిన్సిపాల్‌ల శ్రద్ధను బట్టే ఉంటుంది.

కాగితం విషయంలో మన వాతావరణమే పెద్ద శత్రువు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. వాటిని లాగకూడదు. కింద పలుచటి ప్లాస్టిక్ ముక్క పెట్టి మెల్లగా విప్పాలి. చిరుగులకు సెలోటేప్ వేయడం, లామినేషన్ చేయించడం వద్దే వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమ మరకై లోపలికి దిగుతుంది. జపనీస్ టిష్యూ అనే పలుచటి గట్టి కాగితం, గోధుమ పిండి జిగురు వాడాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూశాం కదా, రికార్డులు నేల అరల్లో ఉండకూడదు. ఒకవేళ తడిస్తే 48 గంటల్లోపు ఆరబెట్టడమో ఫ్రీజర్‌లో పెట్టడమో జరగాలి. ఎండలో పరచకూడదు, అంటుకున్న పేజీలను విడదీయకూడదు.

స్కానింగ్‌లో రాత కాగితాలకు 300 డీపీఐ, ఫొటోలకు 600, మూల ప్రతి టిఫ్ (TIFF) ఫార్మాట్‌లో. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఫైలు పేరులో కట్ట నంబరు తప్పనిసరి.

వెల్లడి విషయంలో జాగ్రత్త. అడ్మిషన్ రిజిస్టర్లలో కులం, పుట్టిన తేదీ, చిరునామా ఉంటాయి. ప్రాజెక్టు రిపోర్టులో పేర్లు తీసేసి సంఖ్యలే వాడాలి. విద్యార్థి బొమ్మ కాలేజీ దగ్గరే ఉన్నా కాపీరైట్ సాధారణంగా వేసినవారిదే. వారి తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఫొటో ముద్రించాలంటే అనుమతి రాయించుకోవాలి. కాలేజీలో దొరకని తీర్మానాల నకళ్ల కోసం రూ.10తో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. తీర్మానం తేదీ, సుమారు సంవత్సరం రాయకపోతే ‘రికార్డు అందుబాటులో లేదు’ అనే జవాబే వస్తుంది. పాత పత్రికల ప్రకటనలకు వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లమనండి.

ఇక కోర్సు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోని స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమా ఈ రంగంలో అన్నిటికన్నా విలువైనది. ఎం.ఏ. హిస్టరీ దానికి సరిగ్గా సరిపోయే చదువు. శాతం, వయసు నోటిఫికేషన్‌లో చూసుకోండి. అక్కడే రికార్డుల మరమ్మతు, రిప్రోగ్రఫీ (పత్రాల నకళ్లు తీయడం) వంటి కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులూ ఉన్నాయి. ఏడాది పంపే ముందు అలాంటిది ఒకటి చేయిస్తే ఆ దుమ్ము ఆమెకు పడుతుందో లేదో, అంత ఓపిక ఉందో లేదో తెలుస్తుంది.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. ప్రిన్సిపాల్ దగ్గర లిఖితపూర్వక అనుమతి తీసుకుని, ఏ బీరువాలు చూడొచ్చో అందులో రాయించుకోవాలి. పని పూర్తయ్యాక జాబితా ఒక ప్రతి ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద ముట్టినట్టు స్టాంపు, తేదీ వేయించుకోమనండి. ఇంటర్వ్యూ బోర్డుకు చూపించగలిగేది ఆ ప్రతే.